జిగురు డబ్బా ఖాళీ అయిన వానాకాలం

నా ముక్కు సంగతి ముందే చెప్పుకోవాలి. లేకపోతే తర్వాత చెప్పేదంతా మీకు కట్టుకథలా అనిపిస్తుంది.

సర్క్యూట్ బోర్డులు తయారుచేసే ఫ్యాక్టరీల్లో మెయింటెనెన్సు పనిలోనే నా ఉద్యోగ జీవితమంతా గడిచింది. మొదట చాలా ఏళ్లు హైదరాబాదులో, తెలంగాణ వచ్చాక జడ్చర్లలో. మీటరు తప్పు చూపించిన రోజుల్లో కూడా నా ముక్కు తప్పు చెప్పలేదు. మోటారు కాలిపోబోతుంటే ముందే పసిగట్టేవాణ్ణి. భోజనాల వేళ మూత తీయకముందే ఎవరి డబ్బాలో ఏ కూర ఉందో చెప్పి ఆడపిల్లల చేత తిట్లు తినేవాణ్ణి. నా వెనక వాళ్లు నన్ను కుక్కముక్కు సార్ అనుకునేవాళ్లు. ఆ సంగతి నాకు తెలుసునని వాళ్లకు తెలియదు. నిజం చెప్పాలంటే నాకు కోపం రాలేదు, లోపల కాస్త గర్వంగానే ఉండేది.

ఆ ముక్కును నమ్ముకునే ఒక వానాకాలమంతా వెతికాను. నేను వెతికింది డబ్బాడు జిగురు. అదే రోజుల్లో, మా ఫ్యాక్టరీకి ఎంతో దూరం లేని ఒక ఊళ్లో, ఒక పసిబిడ్డ ఊపిరి అందక కొట్టుకుంటోంది. ఈ రెండింటికీ సంబంధం ఉందని నాతో మొదట అన్న మనిషిని నేను కసిరాను. కొత్తగా ఈ పనిలోకి వచ్చే పిల్లలకు ఓవెన్ నడిపే విద్య నేర్పడానికి పుస్తకాలు చాలానే ఉన్నాయి. వాటిలో లేని ముక్క ఒకటి నా దగ్గర మిగిలిపోయింది, అది చెబుతాను.

మా ఓవెన్ అంటే ఒక పొడవాటి ఇనుప సొరంగం. ఒక చివర నుంచి బోర్డులు చైను మీద లోపలికి పోతాయి. వాటి మీద టంకం ముద్ద పూసి ఉంటుంది. ఆ ముద్దలోనే ఫ్లక్స్ అనేది కలిపి ఉంటుంది, లోహం మీది మకిలి తీసి టంకం పట్టేలా చేయడం దాని పని. లోపలి వేడికి టంకం కరిగి అతుక్కుంటుంది, ఫ్లక్స్ ఆవిరవుతుంది. ఆవిరైపోయింది కదా అని మనం మరిచిపోయినా అది మనల్ని మరిచిపోదు. చల్లటి ఇనుము ఎక్కడ తగిలితే అక్కడ మళ్లీ చెమటలా పట్టి, జిగురై, బొట్టుబొట్టుగా జారుతుంది. ఆ బొట్టు కింద పోయే బోర్డు మీద పడిందంటే ఆ బోర్డు ఇక చెత్తబుట్టకే. అందుకే ఆవిరిని పక్కనున్న ఒక చల్లటి పెట్టెలోకి లాగి, అక్కడే జిగురుగా మార్చి, ఓవెన్ వెనకాల ఉన్న డబ్బాలోకి దించుతాం. మాది ఒకే షిఫ్టు. సాయంత్రం ఓవెన్ ఆపేశాక, మిగిలిన వేడికి పెట్టెలోని జిగురంతా కరిగి నెమ్మదిగా డబ్బాలోకి దిగుతుంది. పొద్దుటికల్లా బెల్లం అచ్చులా గట్టిపడుతుంది. అందుకే డబ్బాను చూడవలసింది పొద్దునే. నిండినప్పుడు ఆ గడ్డను తీసి మూతపీపాలో వేసి, విషపు చెత్త తీసుకుపోయే లారీకి ఇచ్చేస్తాం.

విషపు చెత్తే గాని వాసన మాత్రం కమ్మగా ఉంటుంది. ఫ్లక్స్‌లో ఎక్కువ పాలు చెట్టు బంకే. కాస్త వేడి తగిలితే గుగ్గిలం వేసినట్టే ఉంటుంది. కొత్తగా చేరినవాళ్లు యంత్రాలుండే ఫ్లోరులో అడుగు పెట్టగానే, ఇవాళ ఇక్కడ పూజ జరిగిందా అని అడిగేవాళ్లు.

ఓవెన్ నడిపేది ఒక పాలమూరు అమ్మాయి. డిప్లొమా చదివి వచ్చింది, చేతిపని శుభ్రం, అనవలసిన మాట కడుపులో దాచుకునే రకం కాదు. ఊడ్చే పని ఒక పెద్దమ్మది. గొర్రెలు కాసే ఇంటి మనిషి. పొద్దున అందరికంటే ముందే వచ్చి, యంత్రాలు వేడెక్కకముందే వాటి వెనకంతా ఊడ్చి తుడిచేది. ఓవెన్‌ను ఆమె కొలిమి అనేది. "కొలిమి ఎనుక తుడిచిన సారూ, జర ఆగి పో, జారుతది" అని నాకు రోజూ ఒక హెచ్చరిక. ఆ వానాకాలం మొదట్లో ఆమె కూతురు కాన్పుకు పుట్టింటికి వచ్చి ఆడపిల్లను కన్నది. పెద్దమ్మ చక్కెర పొట్లం పట్టుకుని ఫ్లోరంతా తిరిగి అందరి చేతుల్లో తలా కొంచెం పోసింది. మా మేనేజరుకు షుగరు. ఆయన చేతిలోనూ పోసి, నోట్లో వేసుకునేదాకా ఎదురుగా నిలబడింది.

వానలు ముదిరాక డబ్బాలో జిగురు తగ్గడం మొదలైంది.

రోజూ అవే బోర్డులు, అదే ముద్ద, అదే వేడి. పొద్దున పోయి చూస్తే డబ్బా అడుగున పలచటి పొర, అంచుల్లో గీరినట్టు కొంచెం. లోపలికి పోయింది బయటికి రావాలి. రావడం లేదంటే లోపలే ఎక్కడో పేరుకుంటోంది. పేరుకున్నది ఏదో ఒక రోజు ఒక్కసారిగా బోర్డుల మీద కారుతుంది. గొట్టాలు విప్పాను. చల్లటి పెట్టె విప్పాను. ఫ్యాను గుంజుడు చూశాను. అన్నీ బాగానే ఉన్నాయి. ఏదో ఒకటి చెడిపోయి దొరికితే నాకు ప్రాణం కుదుటపడేది.

"ఎటు పోతుందండీ ఆ జిగురు? ఓవెనే తినేస్తోందా?" అని మేనేజరు ఒక రోజు వెటకారంగా అన్నాడు. ఆ మాట ఆయన సాయంత్రానికి మరిచిపోయాడు గాని ఫ్లోరు మరిచిపోలేదు. ఓవెన్ జిగురు తింటోందని మర్నాటికి అందరి నోటా అదే మాట. సోల్డరింగు టేబుళ్ల ఆడపిల్లలు ఓవెన్ వెనక నుంచి నడవడం మానేసి, చుట్టు తిరిగి పోవడం మొదలుపెట్టారు. నేను నవ్వాను.

అదే రోజుల్లో ఓవెన్ వాసన నా వెంటపడింది. నా సంసారం కట్టంగూర్‌లో, నేను మహబూబ్‌నగర్‌లో, అదే పాలమూరులో, ఒక గది కిరాయికి తీసుకుని ఉండేవాణ్ణి. ఒక సాయంత్రం జడ్చర్లలో బస్సెక్కి కూర్చున్నానో లేదో, పక్కనే ఓవెన్ మూత తీసినట్టు గుప్పున కొట్టింది. నా చొక్కా అనుకున్నాను. కాదు. ముందు సీటులో ఒకావిడ భుజం మీద నిద్రపోతున్న చంటిపిల్ల తలలోంచి వస్తోంది. నాకు తెలియకుండానే ముందుకు వంగి ఆ తల వాసన చూశాను. ఆవిడ గిరుక్కున తిరిగింది.

"ఏంది పెద్దమనిషి, పిల్ల తల వాసన చూస్తానవ్?"

బస్సంతా నన్నే చూసింది. ఏమని చెప్పను? నీ బిడ్డ నెత్తి మా ఓవెన్ వాసన వస్తోందని చెప్పనా? కిటికీ వైపు తిరిగి, దిగేదాకా బయటికే చూస్తూ కూర్చున్నాను.

తర్వాత ఒక అంగడి రోజున వాన పట్టుకుంటే ఒక దుకాణం చూరు కింద నిలబడ్డాను. పక్కన ఒక గొర్రెల కాపరి తడిసిన గొంగడి కప్పుకుని ఉన్నాడు. తడి ఉన్ని వాసన నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. ఆ వాసన కింద, ఇంకో పొరలాగా, నా ఓవెన్. ఆ మనిషి మా ఫ్యాక్టరీ గేటు కూడా చూసి ఉండడు. ఆయన నన్ను చూసి మర్యాదగా కొంచెం జరిగి చోటిచ్చాడు. నేను ఆ చోటులో నిలబడలేక వానలో తడుస్తూనే పోయాను. ఆ రోజు నాకు నిజంగా భయం వేసింది.

ఇంటికి పోయినప్పుడు మా ఆవిడతో చెప్పాను. ఆమె బియ్యం ఏరుతూ తల కూడా ఎత్తలేదు.

"ఆ వాసన నీ పెయ్యి మీద మన పెండ్లి అయిన కాడ్నుంచి ఉన్నది. నీకు గిప్పుడు తెలుస్తాందా?"

"నా మీద కాదే, పక్కోళ్ల మీద."

"నువ్వు ఎవల పక్కకు పోతే వాళ్ల మీద ఉంటది మరి. జర దవాఖానల ముక్కు చూపించుకో."

పెద్దమ్మ మనవరాలికి దగ్గు పట్టిందని అప్పటికే ఫ్లోరంతా తెలుసు. ముందు దగ్గు, తర్వాత పిల్లికూతలు, ఆ తర్వాత దమ్ము. పాలమూరు దవాఖానలో డాక్టరు బిడ్డకు పొగ తగలనీయొద్దన్నాడు. ఇంట్లో ఉన్న కట్టెల పొయ్యి తీసి వాకిట్లో పెట్టారు. తాత చుట్ట మానేశాడు. అయినా తగ్గలేదు. "నాలుగొద్దులు మంచిగుంటది, మల్ల మొదలైతది సారూ. డొక్కలు ఎగరేస్తాంది. సూస్తే నా పానం పోతాంది" అనేది పెద్దమ్మ. చీపురు చేతిలోనే ఉండేది, చెయ్యి కదిలేది కాదు. ఆ ముసలి ముఖం రోజురోజుకూ చిన్నదైపోతోంది.

ఒక మధ్యాహ్నం ఆపరేటరు అమ్మాయి నా టేబులు దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది.

"సార్, ఒక మాట చెప్త. తిట్టొద్దు."

"చెప్పు."

"పెద్దమ్మ మనుమరాలికి ఏ దినం దమ్ము ఎక్కువైతదో, తెల్లారి డబ్బ ఖాళీ ఉంటాంది. బిడ్డ జర తేలిగ్గున్న దినం డబ్బల ఎంతో కొంత కనవడ్తాంది. నేను చాన దినాల సంది చూస్తాన."

"అయితే? ఓవెన్ లేచిపోయి బిడ్డ గొంతు పిసుకుతాందా?"

"గట్ల నేననలే. చూసింది చెప్పిన."

డిప్లొమా చదివి ఇవేం మాటలని కసిరి పంపించాను. ఆ అమ్మాయి మూతి ముడుచుకుని పోయింది. నేను మాత్రం ఆ మర్నాటి నుంచి డబ్బా చూసే ముందు పెద్దమ్మ ముఖం చూడడం మొదలుపెట్టాను. కళ్లు ఉబ్బి ఉంటే డబ్బా అడుగు కనిపించేది. నాలుగు మాటలు మాట్లాడితే అరంగుళం జిగురు ఉండేది. ఒక్కసారి కూడా తప్పలేదు. ఎవరికీ చెప్పలేదు, చెబితే ఆ అమ్మాయి ముందు నా పరువు పోతుంది. దయ్యాలను నమ్మేవాళ్లను జీవితమంతా ఎగతాళి చేసిన మనిషిని, పొద్దున్నే ఓవెన్ దగ్గరికి ఒంటరిగా పోలేక ఫిట్టర్లలో ఎవరో ఒకరిని తోడు పిలవసాగాను.

చివరికి ఒక సెలవు రోజున ఓవెన్ మొత్తం విప్పి చూద్దామనుకున్నాం. నేను, ఆ అమ్మాయి, ఇద్దరు ఫిట్టర్లు. బయట ముసురు. మిగతా యంత్రాలన్నీ ఆపి ఉన్నాయి కాబట్టి ఫ్లోరులో మా అడుగుల చప్పుడు మాకే పెద్దగా వినిపిస్తోంది. మూత పైకి లేపితే సొరంగం ఆ చివర నుంచి ఈ చివరి దాకా నోరు తెరుచుకుంది. టార్చి వేసి తల లోపల పెట్టాను. ఎక్కడో ఒకచోట గడ్డలుగా పేరుకున్న జిగురు కనిపిస్తుందని గట్టి నమ్మకం. ఏమీ లేదు. కప్పుకు సన్నటి బొట్లు, ఏ వానాకాలమైనా ఉండేవే. టార్చి వెలుగులో అవి వరసగా మెరుస్తున్నాయి, ఒక్కటీ జారడం లేదు.

తల బయటికి తీస్తుంటే వాసన వచ్చింది. వేడి వాసన. చల్లారిన ఓవెన్‌కు వేడి వాసన ఉండదు. ముందు రోజు సాయంత్రం ఆపిన ఓవెన్ అది, ఇనుము మీద చెయ్యి పెడితే చన్నీళ్లలా ఉంది. ఫిట్టర్లను అడిగితే మాకేం రావడం లేదన్నారు. ఆ అమ్మాయి మాత్రం కిటికీ వైపు తిరిగి నిలబడింది.

"బయట నుంచి వస్తాంది సార్" అంది.

కిటికీ దగ్గరికి పోయాను. ప్రహరీ అవతల తడిసిన జొన్నచేలు, వాటి అవతల ఏమీ కనిపించని ముసురు. గాలి అటు నుంచి వీచినప్పుడల్లా, నిండుగా నడుస్తున్న ఓవెన్ వాసన. అటువైపు ఫ్యాక్టరీలేవీ లేవు. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. మూత దించి, బోల్టులు బిగించి, టీ కూడా తాగకుండా ఇళ్లకు పోయాం.

తర్వాత వారంలో పెద్దమ్మ పనికి రాలేదు. బిడ్డకు మరీ బాగా లేదని కబురు వచ్చింది. ఆ పొద్దున డబ్బా సగానికి పైగా ఉంది. మర్నాడు అంచు దాకా వచ్చింది. నేనూ ఆ అమ్మాయీ డబ్బాకు చెరోవైపు నిలబడి చూశాం. బిడ్డకు బాగా లేని రోజున డబ్బా నిండడం అదే మొదటిసారి. అంతవరకు ఎన్నడూ తప్పని లెక్క తిరగబడింది. జవాబు అక్కడే డబ్బాలో ఉంది, అయినా మాకు అందలేదు.

"పోయి చూసొద్దాం సార్. బిడ్డ ఎట్లుందో ఏమో" అంది అమ్మాయి.

షిఫ్టు అయ్యాక నా మోటారుసైకిలు మీద బయలుదేరాం. దారిలో బ్రెడ్డు, పండ్లు తీసుకున్నాం. వాన ఆగింది గాని మబ్బు కిందికి దిగి ఉంది, ఆకు కదలడం లేదు. ఊరు ఇంకా కనిపించకముందే వాసన ఎదురొచ్చింది.

మలుపు తిరిగితే పొద్దు కుంకే వెలుగులో ఊరు కనిపించింది. ఇళ్ల మధ్య పొగ నడుమెత్తు లేచి అక్కడే నిలబడిపోయి ఉంది. ఏ వాకిట్లో చూసినా ఒక మట్టిచట్టి, దానిలో నిప్పులు, నిప్పుల మీంచి లేస్తున్న సన్నటి తెల్లటి పొగ. ఈగలు పోవడానికి గొర్రెల దొడ్డికి పొగ. తలంటుకున్న ఆడవాళ్ల జుట్టుకు పొగ. గూట్లో దేవుడికి పొగ. గొర్రెలు ఆ పొగలో మెడల దాకా మునిగి నిలబడి తుమ్ముతున్నాయి. అంతా నా ఓవెన్ వాసనే. నా ఫ్లోరు మీద నేను నిలబడినట్టే ఉంది, చుట్టూ మాత్రం ఫ్లోరు లేదు. అమ్మాయి వెనక నుంచి నా చొక్కా పట్టుకుంది. దొడ్డి దగ్గర నుంచి ఒక ముసలాయన "ఎవలు కావాలె?" అని అడిగితే అమ్మాయే పెద్దమ్మ ఇల్లు అడిగింది.

ఇంట్లో పెద్దమ్మ కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. అప్పుడే నీళ్లు పోసిన బిడ్డ ఆమె కాళ్ల మీద ఉంది. పక్కన నిప్పుల చట్టి. బిడ్డ డొక్కలు లోపలికి గుంజుకుపోయి మళ్లీ లేస్తున్నాయి. ఊపిరి తీసిన ప్రతిసారీ లోపల సన్నగా ఈల. ఏడ్వడానికి కూడా ఆ ప్రాణానికి ఓపిక లేదు. పెద్దమ్మ మమ్మల్ని చూసి "రాండ్రి సారూ, కూసోండ్రి" అంటూనే, పక్కనున్న గుడ్డమూటలోంచి తేనెరంగు ముక్క ఒకటి తుంచి నిప్పుల మీద వేసింది. తెల్లగా పొగ లేచింది. బిడ్డను రెండు చేతుల మీద ఎత్తి ఆ పొగ మీదికి పట్టబోయింది.

"ఆగు" అన్నాను. ఆమె చేతులు గాల్లో ఆగిపోయాయి.

మూట విప్పి చూశాను. గడ్డకు ఒక పక్క గుండ్రటి అంచు, అది నా డబ్బా అంచు. అడుగున ఆరు మూలల గుంట. ఖాళీ డబ్బా కదలకుండా బరువుకు నేనే అందులో ఒక బోల్టు వేసి ఉంచాను. ఆ బోల్టు తల అచ్చు అది.

"గిది ఎక్కడిది పెద్దమ్మా?"

"కొలిమి ఎనుకది సారూ. మీరు పారబోసేదే గద." ఆమె ముఖంలో దాపరికం ఏమీ లేదు. "వాసన చూసిన. మంచి ఊదు. దుకాణంల గింత మంచిది దొరుకుతలేదు. బిడ్డకు దగ్గు లేసిన దినం జర ఎక్కువ తెచ్చి ఏస్తాన. మా వాడకట్టోళ్లకు కూడ ఇచ్చిన. మా చెల్లె వాళ్ల ఊరికి పంపిన."

"డాక్టరు పొగ వద్దన్నడు గద."

"పొయ్యి పొగ బంద్ చేసినం. గిది పొగనా సారూ? ఊదు. మందు అసుంటిది."

దగ్గు వస్తే ఊదు, ఊదు వేస్తే దగ్గు. ఆ వానాకాలమంతా జరిగింది అంతే. మేము ఓవెన్ తప్పు కోసం వెతుకుతున్నాం, ఆమె చెత్త తీసుకుపోతోంది. ఈ రెండూ ఒకటేనని ఆమెకూ తోచలేదు, డబ్బా దగ్గర పొద్దున్నే ఉండే మనిషిని అడగాలని మాకూ తోచలేదు. పనికి రాని ఆ రెండు రోజులు దాచుకున్న మూటలోంచి వేసింది. డబ్బా అందుకే నిండింది.

"చెట్టు బంకనే పెద్దమ్మా. నీ ముక్కు అబద్ధం చెప్పలే" అన్నాను. "గని దాంట్ల ఇనుపమకిలి తినే మందులు కలుపుతరు. ఆ బంక కూడ కాలినంక ఊపిరికి పడదు. పెద్దోళ్లకే దమ్ము పట్టుకుంటది. గీ పొగ మాకు తగులొద్దనే ఫ్యాను పెట్టి గుంజి, డబ్బలకు దించుతం."

ఆమె బిడ్డను మళ్లీ ఒడిలోకి దించుకుంది. "అంటే, నా చేతులతోని నేనే..." అని ఆగింది. కూతురు గుంజకు ఆనుకుని నిలబడి వింటోంది. ఒక అబద్ధం చెప్పడానికి నాకు అక్కడ చోటు ఉంది. వానలు, చలిగాలి, ఏదో ఒకటి అనొచ్చు. చెబితే రేపు మళ్లీ చట్టి వెలుగుతుంది. "అవును. ఇగ ఎయ్యకు. బిడ్డను పాలమూరు తీసుకపోదాం, లెవ్వు" అన్నాను. ఆ అవును అనడం నాకు చాలా కష్టమైంది.

పెద్దమ్మ బిడ్డను కూతురికి అందించింది. చట్టి ఎత్తుకుని వాకిట్లోకి పోయి చెంబెడు నీళ్లు పోసింది. తర్వాత బిందె చంకన పెట్టుకుని పక్కింటికి పోయింది. అడగలేదు, చెప్పలేదు, వాళ్ల నిప్పుల మీద నీళ్లు పోసింది. వాళ్లు తిట్టారు. ఆమె ఆ పక్క ఇంటికి పోయింది. మేము ఆటో కోసం నిలబడి ఉండగా, ఒక్కొక్క వాకిట్లో సుయ్యి సుయ్యిమంటూ ఆ చప్పుడు వాడకట్టు చివరి దాకా పోయింది. దాని వెనక ఊరు ఒక్కొక్క ఇల్లుగా కనిపించడం మొదలైంది.

మహబూబ్‌నగర్ దవాఖానలో బిడ్డను చేర్చుకున్నారు. మూటలోంచి తీసిన గడ్డ ముక్క నా జేబులోనే ఉంది, డాక్టరుకు చూపించాను. ఆయన దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని, మంచి వాసనే అన్నాడు. బిడ్డ ముఖానికి చిన్న మాస్కు పెట్టి మందు ఆవిరి పట్టారు. ఆ ఆవిరి మాస్కు లోపలి వైపు సన్నటి బొట్లుగా పట్టి జారుతోంది. పెద్దమ్మ గది బయట నేల మీద కూర్చుంది, లోపలికి రమ్మంటే రాలేదు. తెల్లారేసరికి ఈల సన్నబడింది. తర్వాత కొన్నాళ్లు అక్కడే ఉన్నారు. బిడ్డ బతికింది.

ఫ్యాక్టరీలో డబ్బాకు తాళం పడింది. మేనేజరు దీన్ని దొంగతనం అన్నాడు, ఆమెను తీసేయాలన్నాడు. "మనం వద్దని లారీకి పారేసేది తీసుకుపోతే దొంగతనం ఎట్లయితది సార్? పారేసేది ఏందో ఆమెకు మనం చెప్పినమా?" అని ఆపరేటరు అమ్మాయి ఆయన ముఖం మీదే అడిగింది. పెద్దమ్మ పనిలోనే ఉంది. ఊడ్చేవాళ్లతో సహా అందరినీ కూర్చోబెట్టి, ఏ డబ్బాలో ఏముందో తెలుగులో చెప్పే ఆనవాయితీ అప్పుడు మొదలైంది. ముక్కు మనకు చెట్టు సంగతి చెబుతుంది గాని అందులో కలిపిన వాటి సంగతి చెప్పదని నేను ప్రతిసారీ అనేవాణ్ణి. మీరు ఇది గుర్తుపెట్టుకుంటే చాలు.

పెద్దమ్మ మాత్రం మారిపోయింది. సాయంత్రం ఇంటికి పోయే ముందు మోచేతుల దాకా సబ్బుతో తోముకుని, నా టేబులు దగ్గరికి వచ్చి రెండు అరచేతులు చాపేది.

"వాసన చూడు సారూ. కొలిమి వాసనుందా?"

వంగి చూసేవాణ్ణి. ఉంటే ఉందని చెప్పేవాణ్ణి, మళ్లీ పోయి తోముకుని వచ్చేది. లేదంటేనే బిడ్డను ఎత్తుకునేది. రోజూ ఇదే. ఫ్లోరులో ఎవరూ నవ్వలేదు. నన్ను కుక్కముక్కు సార్ అనడం కూడా మానేశారు.

తర్వాత కరోనా వచ్చింది. రెండోసారి ముదిరినప్పుడు నాకూ పట్టింది. ప్రాణం నిలిచింది గాని వాసన పూర్తిగా పోయింది. కొన్ని నెలలకు తిరిగి వచ్చింది గాని, వచ్చింది ఒక్క వాసనే. అన్నంలో ఓవెన్. చాయలో ఓవెన్. తొలకరి మట్టిలో ఓవెన్. పనిలో మళ్లీ చేరిన మొదటి సాయంత్రం పెద్దమ్మ చేతులు చాపింది. వంగి చూశాను, గుప్పున ఓవెన్ వాసన. అది ఆమె చేతులదో, నా ముక్కుదో నాకు తెలియదు. ఆపరేటరు అమ్మాయిని పిలిచాను. ఆమె చూసి "సబ్బు వాసనే పెద్దమ్మా" అంది. అప్పటి నుంచి ఆ పని ఆమెకే అప్పగించాను. కొద్దికాలానికి రిటైరై కట్టంగూర్ వచ్చేశాను.

మొన్న ఒక పని మీద జడ్చర్ల పోయినప్పుడు పెద్దమ్మ ఊరికి పోయాను. ఆమె ఇంకా పనికి పోతూనే ఉంది, ఇంకా వాకిట్లో మోచేతుల దాకా తోముకుంటూనే ఉంది. ఇంట్లో ఇప్పుడు వాసన చూసేది మనవరాలే. అమ్మమ్మ దగ్గరే ఉండి బడికి పోతోంది, సన్నగా ఉన్నా చలాకీగా ఉంది, చలికాలం మాత్రం ఇప్పటికీ జేబులో పీల్చే మందు ఉండాలట. పెద్దమ్మ వచ్చి అరచేతులు చాపితే, ఆ పిల్ల కళ్లు మూసుకుని వాసన చూసి, సరే అన్నట్టు తలూపి ఒడిలో కూర్చుంది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. దగ్గరికి రమ్మని చేతులు చాపాను.

ఆ పిల్ల ఒడిలోంచి దిగి నా దగ్గరికి వచ్చింది. వచ్చి నా వేళ్లు పట్టుకుని, నా అరచేతుల మీదికి వంగింది. ఆ ఓవెన్‌ను ముట్టుకుని నాకు రెండేళ్లు దాటింది. పొద్దున స్నానం చేసి, ఇస్త్రీ బట్టలు వేసుకుని పోయాను. అయినా నేను ఊపిరి బిగబట్టి నిలబడ్డాను.

పిల్ల తలెత్తి ఒక అడుగు వెనక్కి వేసింది.

"తాతా, నీ చేతులు కొలిమి వాసనొస్తానయి" అంది.

పెద్దమ్మ లేచి సబ్బు తెచ్చి నా చేతిలో పెట్టింది. తొట్టి దగ్గర కూర్చుని మోచేతుల దాకా తోముకున్నాను. తిరిగి వచ్చి చేతులు చాపాను. పిల్ల కళ్లు మూసుకుని మళ్లీ వాసన చూసింది. చూసి, పోలేదన్నట్టు తల అడ్డంగా ఊపింది.